జివెర్నీలో రెండు రాత్రులు: ఒక తిరుపతి దంపతుల అనుభవం

మే నెలలో నేనూ మా ఆవిడా ప్యారిస్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాము. ఐదో అంతస్తులోని ఇరుకు ఫ్లాట్‌లో పది రోజులు గడిచేసరికి "ఈ దేశంలో పల్లెటూళ్లు లేవా?" అని మా ఆవిడ అడిగింది. దానికి జవాబుగా అమ్మాయి శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా నార్మాండీ ప్రాంతంలోని జివెర్నీ అనే పల్లెలో బస కుదిర్చింది. మన తిరుపతి నుంచి పిల్లల దగ్గరికి వెళ్లివచ్చే తల్లిదండ్రులకు పనికొస్తుందని ఆ బస మంచిచెడ్డలు రాస్తున్నాను.

ప్రయాణం సులువు. చిత్రకారుడు క్లోద్ మోనే 1877లో పొగబండ్లతో సహా బొమ్మలు వేసిన సాన్ లజార్ స్టేషన్‌లోనే రైలెక్కితే, సుమారు 50 నిమిషాల్లో వెర్నాన్ వస్తుంది. అక్కడి నుంచి జివెర్నీ ఐదు కిలోమీటర్లు. బస్సుంది, అద్దె సైకిళ్లున్నాయి, పాత రైలుమార్గాన్నే నడకదారిగా మార్చారు కూడా. మమ్మల్ని మాత్రం మేము బస చేయబోయే ఇంటి యజమానురాలే కారులో వచ్చి తీసుకువెళ్లింది.

అక్కడ ఇలాంటి బసను షాంబ్ర్ దోత్ అంటారు. హోటలు కాదు, యజమానులు కాపురముండే ఇంట్లోనే అతిథులకు గదులిస్తారు. ఐదు గదులకు, పదిహేను మందికి మించకూడదనీ, దుప్పట్లూ ఉదయపు టిఫినూ అద్దెలోనే కలిసి ఉండాలనీ వాళ్ల చట్టం. మాకిచ్చిన రెండు గదులూ పెంకుల కప్పు కింద, దూలాలు తలకు తగిలేంత ఎత్తులో ఉన్నాయి. ఎంతో శుభ్రంగా ఉన్నాయి గానీ, పైకి వెళ్లే చెక్కమెట్లు మన అటకకు వేసే నిచ్చెన కంటే కాస్త నయం, అంతే. బుకింగ్‌లో పెట్టిన ఫొటోలలో కిటికీ, పూలకుండీ, పరుపు అన్నీ కనిపించాయి, మెట్లు తప్ప. వంటకు వీలుందన్న మాట కూడా నిజానికి ఒక కరెంటు కెటిల్ దగ్గరే ఆగిపోయింది. తిరుపతి నుంచి మోసుకెళ్లిన పులిహోర గొజ్జు సీసా మూత తీయకుండానే మాతో తిరిగివచ్చింది.

ఉదయపు టిఫిన్‌కు మాత్రం వంక పెట్టలేను. అప్పుడే తెచ్చిన రొట్టె, ఉప్పు వెన్న, పెరటి పండ్లతో ఇంటావిడ స్వయంగా చేసిన జామ్, ఆపిల్ రసం. కమాంబేర్ చీజ్ కూడా పెట్టింది గానీ, మేము శాకాహారులమని అమ్మాయి చెప్పగానే, దూడ కడుపులోంచి తీసే పదార్థంతో పాలు విరగగొట్టి దాన్ని చేస్తారని తానే చెప్పి పళ్లెం వెనక్కి తీసుకుంది. మేము అడగకపోయినా చెప్పిన ఆ నిజాయితీ నాకు నచ్చింది. చీజ్‌ను మనవాళ్లు జున్ను అని అనువదిస్తుంటారు గానీ, ఈనిన ఆవు తొలిపాలతో మనం చేసుకునే జున్నుకూ దీనికీ చుట్టరికమే లేదు. ఆ చీజ్‌కు పాలిచ్చే నార్మాండీ ఆవులు మా కిటికీ కిందే మేస్తుండేవి. తెల్లటి ఒంటిమీద గోధుమరంగు మచ్చలు, కళ్లచుట్టూ అద్దాలు పెట్టుకున్నట్టు రెండు వలయాలు. మూడడుగులు దాటని పుంగనూరు ఆవులను చూసిన కళ్లకు అవి ఏనుగుల్లాగే కనిపించాయి. తెల్లవారుజామున పొగమంచులో అవి గడ్డి పరపర పీకే చప్పుడు తప్ప మరేమీ వినిపించని ఆ గంటసేపు కోసమే నేను ఈ బసకు మార్కులు వేస్తాను.

ఊరికి పేరు తెచ్చింది మోనే తోట. ఆయన 1883లో ఇక్కడ చేరి 1926లో చనిపోయేదాకా ఉన్నాడు. 1893లో స్థలం కొని, ఎప్త్ నది పాయ నీళ్లు మళ్లించి కలువల కొలను కట్టబోతే, ఈ వింత మొక్కలతో నీళ్లు విషమవుతాయని పొరుగువాళ్లు అభ్యంతరం చెప్పారట. ఊళ్లోనే బస కనుక శనివారం తలుపు తీసే వేళకే మేము వరుసలో నిలబడ్డాము. సర్వదర్శనం కంపార్టుమెంట్లలో గంటల తరబడి కూర్చున్నవాళ్లకు అదొక లెక్క కాదు. పదకొండు గంటలకు ప్యారిస్ నుంచి జనం దిగేసరికి మేము బయటికి వచ్చేశాము. అయితే, "కలువలేవీ?" అని మా ఆవిడ అడిగిన ప్రశ్నకు ఎవరమూ జవాబు చెప్పలేకపోయాము. మే నెలలో ఐరిస్ పూలు, జపాను వంతెన మీది ఊదారంగు తీగపూలే ఉంటాయి. కొలనులో కలువలు చూడాలంటే జూలై, ఆగస్టుల్లో వెళ్లాలి.

తిండి విషయంలో జాగ్రత్త అవసరం. మధ్యాహ్నం రెండు దాటితే వంటగదులు మూసేస్తారు, మళ్లీ ఏడు గంటలకే. ఆ సంగతి తెలియక శనివారం మూడింటికి ఊరంతా తిరిగి, చివరికి గదిలో రొట్టె పెరుగులో నంజుకుని కడుపు నింపుకున్నాము. పెరుగు బాగుంది, అది వేరే సంగతి.

రెండు గదులకు రెండు రాత్రులకు 310 యూరోలైంది. ప్యారిస్ హోటళ్లతో పోలిస్తే ఎక్కువేమీ కాదు. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగివచ్చేవాళ్లకు తోట దక్కుతుంది గానీ ఆ తెల్లవారుజాము దక్కదు కనుక, కనీసం ఒక రాత్రి ఉండమనే చెబుతాను. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం కింది గది కావాలని ముందే రాయించుకోవాలి. మేమున్న ఇంట్లో అలాంటిది ఒక్కటే ఉంది, దాని కిటికీ ఆవుల వైపు కాదు, రోడ్డు వైపు.