అరకు ఘాట్‌లో ఫస్ట్‌కీ సెకండ్‌కీ మధ్య: 78,000 కిలోమీటర్ల తర్వాత మా కారు సమీక్ష

మేం కారు కొని ఏడేళ్లయింది. మీటరు 78,000 దాటింది. 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, ఐదు గేర్లు, చిన్న హ్యాచ్‌బ్యాక్. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ సైజు పెట్రోల్ కార్లలో చాలావాటి లెక్కలు ఇంచుమించు ఇలాగే ఉంటాయి కాబట్టి ఏ కారు ఉన్నవాళ్లకైనా ఇది పనికొస్తుంది. మా ఇల్లు విశాఖలో ఎండాడ వైపు. రోజూ గాజువాక దాకా ఆఫీసుకి వెళ్లి రావడం, నెలకోసారి సింహాచలం, ఏడాదికి రెండు మూడు సార్లు అరకు. ఈ కారు తిరిగింది ఎక్కువగా ఈ దారుల్లోనే.

మొదటి ఏడాది నాకు దీని మీద చాలా కోపం ఉండేది. డిసెంబరులో అరకు బయల్దేరాం. మామయ్యగారు, అత్తయ్యగారు, మేమిద్దరం, పాప. డిక్కీ నిండా సామాను. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట దాకా హాయిగా వెళ్లింది. ఘాట్ మొదలయ్యాక ఒక ఇరుకు మలుపులో ముందున్న బస్సు నెమ్మదించింది. నేనూ నెమ్మదించాను. సెకండ్ గేర్‌లోనే యాక్సిలరేటర్ అదిమాను. బండి ముందుకు లాగకుండా వణికి ఆగిపోయింది. వెనక ఇంకో కారు, నా కాళ్లలో వణుకు. మళ్లీ స్టార్ట్ చేసి హాఫ్ క్లచ్‌లో, అంటే క్లచ్ సగమే వదిలి, ఎక్కించేసరికి లోపలికి కాలిన వాసన వచ్చింది. మామయ్యగారు ఏమీ అనలేదు కానీ పై హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నారు.

పైన టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు ఒక టాక్సీ డ్రైవరు వాసన పసిగట్టి దగ్గరకొచ్చాడు. "ఏటి బాబూ, సెకండ్‌లోనే ఎక్కించేద్దామనుకున్నారా? మలుపులో ఫస్ట్ ఎయ్యండి, ఏం పర్లేదు" అన్నాడు. కదులుతున్న బండికి ఫస్ట్ వేయకూడదని డ్రైవింగ్ నేర్పినవాళ్లు నాకు గట్టిగా చెప్పారు. అందుకే ఆ మాట వెంటనే ఎక్కలేదు. ఇంటికొచ్చాక గేర్ రేషియోలు వెతికి పట్టుకుని, కాగితం మీద లెక్క వేస్తే అప్పుడు తెలిసింది, ఆయన చెప్పింది అక్షరాలా నిజమని.

మా కారు రేషియోలు, దగ్గరి అంకెకు సవరించి చెబుతాను. ఫస్ట్ 3.5, సెకండ్ 1.9, థర్డ్ 1.3, ఫోర్త్ 0.95, ఫిఫ్త్ 0.75. వీటన్నిటి తర్వాత ఫైనల్ డ్రైవ్, అంటే చక్రాలకు ముందుండే ఆఖరి గేరు, 4.3. ఫస్ట్‌లో 3.5ని 4.3తో గుణిస్తే 15. అంటే ఇంజిన్ 15 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. వేగం 15వ వంతుకు తగ్గుతుంది, దానికి బదులుగా టార్క్, అంటే తిప్పే బలం, 15 రెట్లవుతుంది. బండరాయిని చేత్తో కదపలేం, గునపం పెట్టి లేపగలం. గునపం కొనను ఎంతో దూరం నొక్కితే రాయి కొంచెమే లేస్తుంది. గేర్‌బాక్స్ చేసేదీ అదే పని. ఇంజిన్ శక్తిని అది పెంచదు, ఎంత వేగంగా ఇవ్వాలో ఎంత బలంగా ఇవ్వాలో మాత్రం మారుస్తుంది.

మా ఇంజిన్ గరిష్ఠ టార్క్ 110 న్యూటన్ మీటర్లు, అదీ 4,000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర. గేర్లలో పోయే నష్టం పదో వంతు అనుకుని, టైరు వ్యాసార్థం 29 సెంటీమీటర్లుగా తీసుకుంటే, రోడ్డును వెనక్కి నెట్టే బలం ఫస్ట్‌లో సుమారు 520 కిలోలు. సెకండ్‌లో 285, థర్డ్‌లో 195, ఫోర్త్‌లో 140, ఫిఫ్త్‌లో 110. మనుషులు, సామానుతో కలిపి బండి 1,300 కిలోలు ఉందనుకుందాం. పది మీటర్లకు ఒక మీటరు లేచే ఎత్తులో బండిని వెనక్కి లాగే బలం 130 కిలోలు, దానికి టైర్లు దొర్లడానికి పట్టే 15 కిలోలు కలపాలి. ఫిఫ్త్‌లో ఇంజిన్ ఎంత మొత్తుకున్నా అది ఎక్కదు. ఫోర్త్‌లోనూ ఎక్కదు. థర్డ్‌లో ఎక్కాలి కదా అనిపిస్తుంది. కానీ 195 కిలోలు రావాలంటే ఇంజిన్ 4,000 దగ్గర తిరగాలి, థర్డ్‌లో అది దాదాపు 80 కిలోమీటర్ల వేగం. ఘాట్‌లో మనం వెళ్లేది 30లో. ఆ వేగానికి థర్డ్‌లో ఇంజిన్ 1,500 దగ్గర ఉంటుంది, అక్కడ 110 న్యూటన్ మీటర్లు రావు.

ఇక నా అసలు ఫిర్యాదు. 3,000 ఆర్‌పీఎం దగ్గర మా కారు ఫస్ట్‌లో 22, సెకండ్‌లో 40, థర్డ్‌లో 59, ఫోర్త్‌లో 80, ఫిఫ్త్‌లో 102 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. ఇరుకు మలుపు తిరిగే వేగం 15. ఆ వేగంలో సెకండ్ వేస్తే ఇంజిన్ 1,100కి పడిపోతుంది, ఊపిరాడదు. ఫస్ట్ వేస్తే 2,000 పైన ఉంటుంది, అరుస్తుంది కానీ లాగుతుంది. మలుపు అయి 20కి చేరితే ఫస్ట్‌లో మోత ఎక్కువవుతుంది. సెకండ్ వేశామా, ఎత్తులో ఇంకా బలం చాలదు. ఫస్ట్ నుంచి సెకండ్‌కి మారగానే ఇంజిన్ వేగం దాదాపు సగానికి పడిపోతుంది, 4,000 ఉన్నది 2,200 అవుతుంది. ఫోర్త్ నుంచి ఫిఫ్త్‌కి మారితే 4,000 నుంచి 3,150కే తగ్గుతుంది. ఫస్ట్‌కీ సెకండ్‌కీ మధ్య ఉన్న ఈ ఖాళీయే మా కారులో పెద్ద లోపం. ఇంజిన్‌ది కాదు. సెకండ్‌ని 2.1 దగ్గర పెట్టి ఉంటే అరకు ఘాట్‌లో ఈ బండి ఇంకోలా ఉండేది.

దీనికి నేను అలవాటు చేసుకున్న పద్ధతి ఇది. మలుపు ముందే బాగా నెమ్మదించి, నడక వేగానికి కాస్త పైన ఉండగా, క్లచ్ పూర్తిగా తొక్కి ఫస్ట్ వేస్తాను. అప్పుడు లివర్ మెత్తగా పడుతుంది. వేగం ఎక్కువున్నప్పుడు బలవంతంగా తోయకూడదు, లోపల గేర్ల వేగాలను కలిపే సింక్రోలు అరుగుతాయి. మలుపు నుంచి బయటికొచ్చాక 3,500 దాకా ఆగి అప్పుడు సెకండ్ వేస్తే ఇంజిన్ 1,900 దగ్గర అందుకుంటుంది. ఏసీ ఆపితే కొంచెం తేడా ఉంటుంది గానీ, సరైన గేర్ ఇచ్చే తేడా ముందు అది ఏపాటి! మూడో ట్రిప్పు నుంచి ఒక్కసారి కూడా బండి ఆగలేదు.

సింహాచలం కొండ మీద కథ వేరు. రద్దీ రోజున అడివివరం వైపు నుంచి ఎక్కేటప్పుడు ఆగుతూ కదులుతూ వెళ్లాలి. బ్రేకు వదిలితే వెనక్కి జారుతుందన్న భయంతో మొదట్లో హాఫ్ క్లచ్ మీదే బండిని నిలబెట్టేవాణ్ని. 52,000 దగ్గర క్లచ్ ప్లేటు పోయింది. ఫస్ట్‌లో 520 కిలోల బలం చేతిలో ఉంది, హ్యాండ్‌బ్రేకు లాగి, క్లచ్ పట్టుకునే చోటికి రాగానే బ్రేకు వదిలితే సరిపోతుంది. ఇది ఎవరూ ముందు చెప్పలేదు. కొత్త ప్లేటు వేసి 26,000 అయింది, ఇప్పటిదాకా జారడం లేదు.

దిగేటప్పుడు కూడా ఇవే గేర్లు కాపాడతాయి. అనంతగిరి నుంచి కిందికి సెకండ్‌లో 30 దగ్గర దిగుతాను. ఇంజిన్ వెనక్కి పట్టుకునే బలం కూడా గేర్ రేషియోతోనే పెరుగుతుంది, బ్రేకులు వేడెక్కవు. పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దింపేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయం. ఈ కాలం ఇంజిన్లలో గేర్‌లో ఉంచి కాలు తీస్తే పెట్రోల్ సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగకుండా తిరగడానికి అది కాలుతూనే ఉంటుంది.

నాలుగో ఏడాది ఒక టైర్ల షాపులో నా చేత పెద్ద చక్రాలు వేయించారు. 175/65 ఆర్14 తీసేసి 185/65 ఆర్15. గుంతల్లో అడుగు తగలదు, చూడ్డానికీ బాగుంటుందన్నారు. రెండూ నిజమే. కానీ టైరు వ్యాసం ఆరున్నర శాతం పెరిగింది, అంటే అన్ని గేర్లలోనూ లాగే బలం ఆ మేరకు తగ్గింది. ముందే బలం చాలని సెకండ్ ఇంకా బలహీనమైంది. మా వీధి చివరి ఎత్తు సెకండ్‌లో ఎక్కేది, మానేసింది. స్పీడోమీటరు 80 చూపినప్పుడు మునుపటికన్నా అయిదు కిలోమీటర్లు ఎక్కువ వేగంలో ఉన్నానని కూడా ఆలస్యంగా అర్థమైంది. ఆ టైర్లు అరిగాక పాత సైజుకే వచ్చేశాను. మొదటి రోజే పికప్‌లో తేడా తెలిసింది.

మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి. బీచ్ రోడ్డులో భీమిలి దాకా థర్డ్, ఫోర్త్ గేర్లతో ఈ కారు చాలా సుఖం. మద్దిలపాలెం, ఎన్ఏడీ ట్రాఫిక్‌లో సెకండ్‌లోనే చాలా దూరం నడిచిపోతుంది. 16వ నంబరు జాతీయ రహదారి మీద ఫిఫ్త్‌లో 90 దగ్గర ఇంజిన్ 2,650లో ప్రశాంతంగా ఉంటుంది. సిటీలో లీటరుకు 14, హైవే మీద 19 వస్తోంది. ఓవర్‌టేక్ చేయాలంటే మాత్రం ఫిఫ్త్‌లో అదమడం వృథా. ఫోర్త్‌కి, లారీ పొడవుగా ఉంటే థర్డ్‌కి దిగాల్సిందే.

బావమరిదికి 190 న్యూటన్ మీటర్ల డీజిల్ కారుంది. మా 110తో పోల్చి అది దాదాపు రెట్టింపు లాగుతుందని ఇంట్లో వాదన. రెండూ నడిపాను. 2,000 దగ్గరే ఆ బలమంతా రావడం వల్ల ఘాట్‌లో అదే సుఖం, సందేహం లేదు. కానీ రెట్టింపు మాత్రం కాదు. డీజిల్ ఇంజిన్ పెట్రోల్ దానంత ఎక్కువ ఆర్‌పీఎం దాకా తిరగదు కాబట్టి వేగం రావడానికి దానికి చిన్న అంకెల రేషియోలు ఇస్తారు. చక్రం దగ్గరికొచ్చేసరికి తేడా కొంత కరిగిపోతుంది.

మళ్లీ కొంటానా అంటే, ఎక్కువగా ఊళ్లోనూ హైవే మీదా తిరిగేవాళ్లయితే నిస్సందేహంగా కొనండి. నెలనెలా ఘాట్ ఎక్కేవాళ్లు మాత్రం షోరూములో బీహెచ్‌పీ (ఇంజిన్ శక్తి) అడిగి ఊరుకోకుండా సెకండ్ గేర్ రేషియో, ఫైనల్ డ్రైవ్ కూడా అడగండి. టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కరే వెళ్లొద్దు. నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసి, కైలాసగిరి ఎక్కే దారిలో 15 వేగంలో సెకండ్ వేసి చూడండి.