రాత్రి చలి, ద్రాక్ష పులుపు: తిరుపతి నుంచి నంది కొండ దాకా

నలుగురు మిత్రులం ఫిబ్రవరి రెండో వారంలో తిరుపతి నుంచి పీలేరు, మదనపల్లె మీదుగా బెంగళూరు దగ్గరి నంది కొండ దిగువనున్న ద్రాక్షతోటలకు బయలుదేరాము. వైన్ ద్రాక్ష కోత అక్కడ ఫిబ్రవరి, మార్చి నెలల్లో సాగుతుంది కాబట్టి ఆ నెలను ఎంచుకున్నాము. మిగతా కాలంలో వెళితే తీగలు తప్ప చూడదగినది తక్కువ.

సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున్న తిరుపతిలో బయలుదేరే ముందు రాత్రి పలుచని దుప్పటి సరిపోయింది. పాత చిత్తూరు జిల్లాలోనే 1,265 మీటర్ల ఎత్తున్న హార్స్‌లీ కొండ మీద మరుసటి రాత్రి రెండు దుప్పట్లు కప్పుకున్నా చాలలేదు. అక్కడ మేము దిగిన ప్రైవేటు కాటేజీలో ఉదయం ఎనిమిదిన్నర దాకా వేడినీళ్లు రాలేదు, వసూలు చేసిన అద్దెకు అది అన్యాయమే. రాగిసంగటి, నాటుకోడి పులుసు మాత్రం ఆ కోపాన్ని కొంత చల్లార్చాయి. పిల్లలతో వెళ్లేవారు మదనపల్లెలో బస చేసి, పొద్దున్నే కొండెక్కి దిగడం మేలని నా అభిప్రాయం.

తోటలో టికెట్టుతో పాటు వచ్చిన గైడు కంఠస్థం చేసిన నాలుగు మాటలు చెప్పి, తరువాతి బృందం కోసం తొందరపడ్డాడు. అసలు విషయం తెలిసింది గుత్తులు కోస్తున్న చింతామణి వైపు పెద్దాయన వల్ల. మాది తిరుపతి అని తెలియగానే "స్వామి ప్రసాదం ఏమన్నా తెచ్చినారా సార్?" అని అడిగాడు, సంచిలోని లడ్డు చేతికిచ్చాక వరుసల మధ్యకు తీసుకువెళ్లి ఓపికగా వివరించాడు. ఐరోపాలో తీగ చలికాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది, ఇక్కడ దానికి ఆ నిద్ర లేదు. కనుక ఏప్రిల్‌లో ఒకసారి, వానలు తగ్గుముఖం పట్టే సెప్టెంబరు, అక్టోబరులలో మరోసారి కొమ్మలు కత్తిరిస్తారు. మొదటి కత్తిరింపు కొమ్మ బలానికి, రెండోది కాయకు. అందువల్ల గుత్తి ముదిరే కాలం పొడి పగళ్లు, చల్లని రాత్రులలో పడుతుంది.

పగటి ఎండకు ఆకు తయారుచేసిన చక్కెర పండులో చేరుతుంది, పులియబెట్టినప్పుడు ఆ చక్కెరే మద్యంగా మారుతుంది. రాత్రి కూడా వేడిగా ఉంటే పండుకు పులుపునిచ్చే మాలిక్ ఆమ్లం త్వరగా ఖర్చయిపోయి వైన్ చప్పబడుతుంది. చలి ఆ పులుపును నిలబెడుతుంది. తోతాపురి మామిడికి మనం బెంగళూరా అని పేరు పెట్టుకున్నా దానికి కావలసింది చిత్తూరు వేసవే, వైన్ ద్రాక్ష కోరేది ఈ రాత్రి చలిని. పైగా మన తిరుపతి వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వాన, సరిగ్గా పూత, పిందె దశలో బూజు తెగులును తెచ్చిపెడుతుంది.

రుచి చూపించే గదిలో నాలుగు రకాలు పోశారు. పచ్చి జామకాయ వాసనతో, చురుకైన పులుపుతో సావిన్యాన్ బ్లాంక్ నాకు అన్నిటికంటే నచ్చింది, అయితే తెల్ల వైన్‌ను చల్లబరచకుండా ఇవ్వడం క్షమించరానిది. షిరాజ్ అనే ఎర్ర వైన్‌లో చల్లని ప్రాంతాలలో మిరియాల వాసన, వేడి ప్రాంతాలలో ముగ్గిన పండు తీపి ముందుకు వస్తాయంటారు. ఇక్కడి షిరాజ్‌లో మిరియం లీలగా తగిలి ముగ్గిన పండే ఎక్కువగా వినిపించింది, వగరు నాలుక మీద చాలాసేపు నిలిచింది. రాత్రులు ఎంత చల్లనివైనా, నంది కొండ పదమూడో ఉత్తర అక్షాంశం మీద ఉన్నదన్న సంగతి గ్లాసులో దాగలేదు.

వారాంతంలో వెళ్లకండి, ముందుగా ఫోను చేసి కోత జరుగుతున్నదో లేదో కనుక్కోండి. మేము సీసాలేవీ కొనలేదు. చిక్కబళ్లాపురం దగ్గర రోడ్డు పక్కన రెండు కిలోల బెంగళూరు నీలం ద్రాక్ష మాత్రం కొన్నాము, అందులో సగం పీలేరు చేరేలోగానే అయిపోయింది.