బరువైన బుల్లెట్‌కి మందు దట్టించాలా, మందే మార్చాలా?

.308 వించెస్టర్ అనే రైఫిల్ తూటా కేసులో (తుపాకి మందు పోసే ఇత్తడి గొట్టం) 155 గ్రెయిన్ల, అంటే సుమారు పది గ్రాముల, బుల్లెట్ కూర్చితే మందుకీ బుల్లెట్‌కీ తగవు రాదు. అదే కేసులో 200 గ్రెయిన్లది పెట్టి చూడండి. బుల్లెట్ తోక మెడ దాటి లోపలికి దిగి, మందు ఉండాల్సిన చోటు ఆక్రమిస్తుంది. ఒకే ఒరలో రెండు కత్తులన్నమాట. ఇక్కడే సొంతంగా తూటాలు కట్టుకునేవాళ్లు చీలిపోతారు. నిదానంగా మండే మందే పోసి బుల్లెట్‌తో నొక్కి దట్టించమంటారు కొందరు. కాస్త త్వరగా మండే మందు తక్కువ పోసి ఖాళీ ఉంచమంటారు ఇంకొందరు. అసలు అంత బరువు నీకెందుకయ్యా అనే మూడో గొంతూ ఉంది. ముందు దాని సంగతి చూద్దాం.

అడ్డగాలి బుల్లెట్‌ని ఎంత పక్కకి నెడుతుందో తేల్చేది అది గాలిలో ఉన్న మొత్తం సమయం కాదు, గాలి నిరోధం వల్ల పడిన ఆలస్యం. శూన్యంలో పట్టే సమయం కంటే నిజంగా ఎంత ఎక్కువ పట్టిందో చూసి, దాన్ని అడ్డగాలి వేగంతో గుణిస్తే పక్కకి ఎంత జరిగిందో వచ్చేస్తుంది. బుల్లెట్ లావు మారకుండా బరువు పెరిగితే అది పొడవవుతుంది, ఆ ఆలస్యం తగ్గుతుంది. బ్యారెల్ నోటి దగ్గర తక్కువ వేగంతో బయల్దేరినా, దూరం వెళ్లేకొద్దీ వేగాన్ని బాగా నిలుపుకుంటుంది.

అలాగని అంతా బరువులోనే ఉందనుకోకండి. సియెర్రా కంపెనీ 168 గ్రెయిన్ల మ్యాచ్‌కింగ్ బుల్లెట్ 300 మీటర్ల పోటీల కోసం పుట్టింది. దాని తోక కోణం 13 డిగ్రీలు. 1,000 గజాలకి చేరేలోపే ధ్వనివేగం దగ్గరికి జారి తూలిపోతుందని దానికి చెడ్డపేరు. 175 గ్రెయిన్ల దానికి తోక 9 డిగ్రీలే, అది ఆ దూరం నిలబడుతుంది. అమెరికా సైన్యం ఎం118ఎల్ఆర్ తూటాలో ఈ 175నే పెట్టింది. ఈ రెండింటికీ బరువులో తేడా అర గ్రాము కూడా లేదు! ఇక పామా అనే దూరపు రైఫిల్ పోటీల్లో 156 గ్రెయిన్ల లోపు బుల్లెట్లతోనే, పొడవాటి బ్యారెళ్లతో 1,000 గజాలు కొడతారు. మీ బ్యారెల్ ట్విస్ట్ (బుల్లెట్‌ని తిప్పే లోపలి గాడుల మెలిక) 12 అంగుళాలకి ఒక చుట్టు అయితే 200 గ్రెయిన్ల పొడవాటి బుల్లెట్ గురించి ఆలోచించడమే దండగ, అది గాలిలో సరిగా నిలబడదు. 10 అంగుళాల ట్విస్ట్ ఉంటే ముందుకి చదవండి.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. చాలామంది గందరగోళపడేది ఒక్క విషయంలో: కేసులో ఇరుకు వేరు, పేలినప్పుడు పుట్టే పీడనం వేరు. మందు కరకరమంటూ నలుగుతుంటే ఏదో ప్రమాదం ముంచుకొస్తోందనిపిస్తుంది. కానీ నిదానపు మందు కేసు అంచుల దాకా నిండినా .308కి పెట్టిన హద్దు, చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు, చేరకపోవచ్చు. చోటు ముందు అయిపోతుంది, పీడనం ఇంకా మిగిలే ఉంటుంది. దీనికి తలకిందులుగా, త్వరగా మండే మందు కేసులో మూడొంతులే కనబడినా హద్దు దాటేసి ఉండొచ్చు. కంటికి ఖాళీ కనిపించినంత మాత్రాన భద్రత ఉన్నట్టు కాదు. లోడ్ పుస్తకాల్లో (మందు కొలతల పట్టికలుండేవి) కొన్ని కొలతల పక్కన సి అక్షరం వేస్తారు. దట్టించిన కొలత అని చెప్పడానికే అది. అందులో హెచ్చరికా లేదు, అనుమతీ లేదు.

దట్టించడం వల్ల లాభం ఉంది. కేసు నిండుగా ఉంటే మందు ఎటూ దొర్లదు, ప్రతిసారీ ప్రైమర్ (కేసు అడుగున మందుని అంటించే చిన్న గుళిక) మంట ఒకే తీరున పడుతుంది. వేగాల్లో హెచ్చుతగ్గులు తగ్గడానికి ఇది చాలాసార్లు సాయపడుతుంది. పైగా బరువైన బుల్లెట్ కదలడానికి బద్ధకిస్తుంది కాబట్టి, నిదానపు మందుకి పీడనం కింద మండే వ్యవధి దొరుకుతుంది. ఒకే గరిష్ఠ పీడనానికి ఎక్కువసేపు నెట్టే మందే ఎక్కువ వేగాన్నిస్తుంది. పొడవాటి బ్యారెల్ ఉంటే ఈ లాభం ఇంకా బాగా తెలుస్తుంది.

నష్టం ఎక్కడంటే, హద్దు మీరినప్పుడు. ముందు బుల్లెట్ మీద మచ్చ పడుతుంది. సీటింగ్ డై (బుల్లెట్‌ని కేసులోకి దించే అచ్చు) లోపలి కడ్డీ బుల్లెట్ భుజాన్ని నొక్కేచోట పల్చటి జాకెట్ (పై లోహపు తొడుగు) మీద ఉంగరంలా గుంట తేలుతుంది. సన్నటి ముక్కు బుల్లెట్లకి సరిపోయే కడ్డీ వాడితే కొంత తగ్గుతుంది. రెండోది నేను కొంచెం సిగ్గుపడుతూ నేర్చుకున్నది. రాత్రి అన్నీ ఒకే పొడవుకి కట్టి డబ్బాలో పెట్టాను. మర్నాడు కంపారేటర్ అనే కొలత పరికరంతో చూస్తే ఒక్కోటీ ఒక్కో పొడవు. నలిగిన మందు స్ప్రింగులా బుల్లెట్‌ని బయటికి నెట్టింది. మెడ పట్టు గట్టిగా ఉంటే ఈ తిరుగుబాటు తగ్గుతుంది కానీ, మెడని మరీ బిగిస్తే దాని ఇబ్బందులు దానికున్నాయి. ఇంకా గట్టిగా అదిమితే కేసు భుజం దగ్గర ఉబ్బి ఛాంబర్‌లోకి (బ్యారెల్ మొదట్లో తూటా కూర్చునే గది) వెళ్లనంటుంది. మందులోని కడ్డీల్లాంటి పలుకులు విరిగితే, మంటని అదుపుచేసే పైపూత లేని లోపలి ముఖాలు బయటపడతాయి, మండే తీరు మారిపోతుంది. గుండ్రటి పలుకుల బాల్ పౌడర్లు ముందే దగ్గరదగ్గరగా సర్దుకుంటాయి. నొక్కితే వాటికి జరగడానికి చోటుండదు, వాటిని దట్టించే ప్రయత్నం నేను చేయను.

నొక్కే ముందు సర్దడం నేర్చుకోవాలి. పొడవాటి సన్నగొట్టం ఉన్న గరాటుతో మందుని తొందరపడకుండా పోస్తే, బస్తాని కుదిపి నింపినట్టు, అదే మందు కేసులో ఇంకొంచెం కిందకి దిగుతుంది. బల్ల మీద కేసుని మెల్లగా తట్టినా ఇదే ఫలితం. దట్టింపు అనుకున్నది చాలామందికి ఇక్కడే సగం మాయమైపోతుంది.

రెండో దారి, మందుని మార్చడం, చెప్పుకోవడానికి ఇంత కథ లేదు. ఒక మెట్టు త్వరగా మండే కడ్డీ పౌడర్ తీసుకుంటే అదే పీడనానికి తక్కువ మందు సరిపోతుంది. బుల్లెట్ పొడవు నిలకడగా ఉంటుంది, కూర్చే పని సాఫీగా సాగుతుంది. అందుకు బదులు వేగం కొంచెం వదులుకోవాలి. ఇంకో చిక్కు, పీడనం హద్దు దగ్గర కొద్ది మందు తేడా కూడా గట్టిగా తెలుస్తుంది. బోల్ట్ (తూటా వెనక మూసే గడియ) ఎత్తడం బరువెక్కినా, కేసు అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేసుని బయటికి తన్నే మేకు) ముద్ర పడినా అక్కడే ఆగి వెనక్కి రావాలి. కేసుల బ్రాండ్ మార్చినా, మందమైన సైనిక కేసులకి మారినా కింది కొలత నుంచి మళ్లీ మొదలు.

ఈ రెండింటికీ ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: బుల్లెట్‌ని బయటికి జరపలేమా? తూటాలు ఒక్కొక్కటే పెట్టి కాల్చే రైఫిల్‌కి మ్యాగజైన్ పొడవుతో పనిలేదు. ఛాంబర్ గొంతు ఒప్పుకుంటే బుల్లెట్ తోకని మెడ అంచు దాకా లాగేయొచ్చు, సగం తగవు అక్కడే తీరుతుంది. .223 అనే చిన్న తూటాలో 80 గ్రెయిన్ల బుల్లెట్లని మ్యాగజైన్ పక్కనపెట్టి ఒక్కొక్కటే కాల్చడం ఇందుకే. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ తూటా ఇదే చిక్కుని కేసు దగ్గరే విప్పింది. అదే లావు బుల్లెట్ వాడే .260 రెమింగ్టన్ కేసు 2.035 అంగుళాలుంటే ఇది 1.920 మాత్రమే. కేసు పొట్టిదైంది కాబట్టి పొడవాటి బుల్లెట్ మ్యాగజైన్‌లో పడుతూనే మందుకి అడ్డురాకుండా కూర్చుంటుంది. కొత్త రైఫిల్ కొనే ఆలోచన ఉన్నవాళ్లు .308తో కుస్తీ పట్టే ముందు ఇది చూడాలి.

ఎఫ్-టీఆర్ (రైఫిల్‌ని ఆనించి దూరం కొట్టే ఎఫ్-క్లాస్‌లో ఒక విభాగం) లాంటి పోటీలు .308, .223లకే పరిమితం, అక్కడ వేరే దారి లేదు. పొడవాటి బ్యారెల్, 10 ట్విస్ట్, ఒక్కొక్క తూటా పెట్టే యాక్షన్ (తూటా ఎక్కించే యంత్రాంగం) ఉంటే నా ఓటు తేలికపాటి దట్టింపుకే. బుల్లెట్‌ని వీలైనంత బయటికి లాగి, కడ్డీ పౌడర్‌ని గొట్టంతో సర్ది, తోక మందుని తాకి కాస్త నొక్కితే చాలు. ప్రెస్ పిడి మీద బలం పెట్టాల్సి వస్తే ఆ మందు మీ బుల్లెట్‌కి మరీ నిదానమైనదన్నమాట, ఒక మెట్టు త్వరగా మండేది తీసుకోండి. మామూలు పొడవు బ్యారెల్, మ్యాగజైన్ నుంచి కాల్చే రైఫిల్ అయితే 175 గ్రెయిన్లూ, ఖాళీ మిగిల్చే మందూ మేలు. అక్కడ దట్టించి సంపాదించే వేగం, పొడవుల హెచ్చుతగ్గులకే పోతుంది.

ఎవరి మాటా నమ్మక్కర్లేదు, బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ చెబుతుంది. 175 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకి 2,600 అడుగులతో వెళ్తుంటే, ఆ వేగంలో 10 అడుగుల తేడా 1,000 గజాల దగ్గర నిలువుగా మూడు అంగుళాల పైచిలుకు తేడా తెస్తుంది. ఎఫ్-క్లాస్ లక్ష్యం మీద పది పాయింట్ల వలయం వ్యాసమే 10 అంగుళాలు. 100 గజాల దగ్గర ఈ తేడా కంటికే ఆనదు. కాబట్టి రెండు రకాలూ పదేసి కట్టి, ఓ వారం డబ్బాలో ఉంచి, పొడవులు మళ్లీ కొలిచాకే రేంజికి తీసుకెళ్లండి.