ప్రోటాన్ బరువు: కాగితం మీద తేల్చాలా, కంప్యూటర్‌కు వదలాలా?

రొయ్యల గుంటలో సరుకు ఎంత ఎదిగిందో తెలియాలంటే మా నాన్న విసురువల నాలుగు పక్కలా వేసి, పడ్డవాటిని తూకమేసి కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలో) చెప్తాడు. మా పెదనాన్న వల తడపడు. ఎన్నో రోజు పంట, చెక్‌ట్రేలో మేత ఎంత మిగిలింది అని అడిగి, "అరవై కౌంట్ ఉంటదిలే అబ్బయ్యా" అంటాడు. నెల్లూరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివేటప్పుడు ప్రోటాన్ లాంటి కణాల బరువు లెక్కకట్టే రెండు దారులు, లాటిస్, ఎఫెక్టివ్ ఫీల్డ్ థియరీ, నాకు వీళ్లిద్దరిలాగే కనిపించాయి.

ప్రోటాన్ ద్రవ్యరాశి 938 ఎంఈవీ (కణాల బరువు చెప్పే యూనిట్). లోపలున్న మూడు క్వార్కుల సొంత బరువు కలిపితే పది కూడా దాటదు. మిగతాదంతా క్వార్కుల, వాటిని కట్టిపడేసే గ్లూవాన్ల శక్తే. ప్రోటాన్ సైజు దూరాల్లో వాటి మధ్య బలం మరీ ఎక్కువ కాబట్టి, మామూలుగా మెట్టుమెట్టుగా వేసుకుంటూ పోయే లెక్క అక్కడ పనిచేయదు.

లాటిస్ దారి 1974లో కెనెత్ విల్సన్ చూపించింది. స్థలాన్నీ కాలాన్నీ గళ్లుగా కోసి, ఆ గళ్ల మీద క్షేత్రం ఎలా ఉండొచ్చో కంప్యూటర్‌తో వేల నమూనాలు తీసి సగటు కడతారు. విసురువల పనే. కాకపోతే ఒక్కో అంచుకు 48 చుక్కలు, కాలం వైపు 64 పెట్టుకుంటే 70 లక్షల పైచిలుకు చుక్కలవుతాయి. సూపర్ కంప్యూటర్ లేకుండా అయ్యే పని కాదు. 2008లో బుడాపెస్ట్-మార్సేయ్-వుప్పర్టాల్ బృందం ఇలాగే లెక్కకట్టి న్యూక్లియాన్‌కు (ప్రోటాన్, న్యూట్రాన్ రెండిటికీ కలిపి పేరు) 936 తెచ్చింది. అటూఇటూ 25, 22 చొప్పున రెండు రకాల పొరపాటు అంచనా ఉన్నా, అది గొప్ప విషయమే.

రెండోది పెదనాన్న దారి, ఎఫెక్టివ్ ఫీల్డ్ థియరీ. ఇక్కడ వాడే రకాన్ని కైరల్ థియరీ అంటారు. 1979లో వైన్‌బర్గ్, ఆ తర్వాత గాసర్, లాయిట్‌వైలర్ దీన్ని గట్టిపరిచారు. లోపలి క్వార్కుల జోలికి పోకుండా, సౌష్ఠవాన్ని పట్టుకుని పయాన్ల లాంటి పైకి కనిపించే కణాలతోనే లెక్క నడుపుతారు. బేరియాన్లకు (ప్రోటాన్‌లా మూడు క్వార్కులున్న కణాలు; క్సై, లాంబ్డా, సిగ్మా కూడా వీటిలోవే) ఇందులో మొదటి మెట్టులో వచ్చేది గెల్‌మన్-ఓకుబో సూత్రమే: న్యూక్లియాన్, క్సై కలిపి రెండింతలు చేస్తే, మూడు లాంబ్డాలు, ఒక సిగ్మా కలిపినంత. లాంబ్డా తెలియదనుకుందాం. న్యూక్లియాన్ సగటు 939, క్సై 1318 కలిపి రెట్టిస్తే 4514. అందులో సిగ్మా 1193 తీసేసి మూడుతో భాగిస్తే 1107. కొలిచిన విలువ 1116. టీ చల్లారేలోపు నూటికి ఒకటి లోపు తేడాతో జవాబు!

కానీ ఇది కొన్ని బరువులు చేతికిస్తేనే ఇంకోటి చెప్తుంది. ప్రోటాన్‌కు 938 ఎందుకు, 500 ఎందుకు కాదు అంటే నోరు మెదపదు. లాటిస్‌కూ కొన్ని కొలిచిన విలువలు కావాలి. పయాన్, కేయాన్, ఇంకో కణం బరువులిస్తే చాలు, మిగతా వరసంతా అదే తేలుస్తుంది. అందుకే అంకె కావాలంటే నేను లాటిస్‌నే నమ్ముతాను. న్యూట్రాన్, ప్రోటాన్ల మధ్య 1.29 ఎంఈవీ తేడాను కూడా 2015లో అదే బృందం 1.51 దగ్గరికి తెచ్చింది, పొరపాటు అంచనా 0.28.

అయితే 2008 లెక్కలో వాడిన పయాన్ బరువు 190 దాకానే దిగింది, అసలు పయాన్ 140 దగ్గరుంటుంది. ఆ మిగిలిన దూరం దాటడానికి కైరల్ థియరీ సాయం కూడా తీసుకున్నారు. వల ఎక్కడ వేయాలో పెదనాన్ననే అడిగినట్టు.

మన కాలేజీల్లో చదివే పిల్లలు ముందు ఏది పట్టుకోవాలంటే, నా ఓటు కాగితానికే. లాటిస్ రుచి చూడాలనుకుంటే క్వార్కులు వదిలేసి, స్థలం మూడు వైపులా, కాలం వైపూ ఎనిమిదేసి చుక్కల చిన్న గళ్లతో మొదలుపెట్టండి. మొత్తం 4096 చుక్కలు, హాస్టల్ లాప్‌టాప్ మీదే రాత్రికి రాత్రి నడుస్తుంది. కరెంటు పోకుండా చూసుకోండి.