సిరిపురం సందులో మాస్టారి గట్టింగ్ షాపు

వైజాగ్‌లో టెన్నిస్ ఆడేవాళ్లలో చాలామంది రాకెట్ గట్, అంటే బంతి తగిలే తీగల అల్లిక, తెగితే షటిల్ రాకెట్లకి గట్ వేసే షాపులోనే ఇచ్చేస్తారు. నేనూ చాలాకాలం అంతే, మోచేయి నొప్పి పట్టుకున్నాక గానీ తేడా తెలియలేదు. సిరిపురం జంక్షన్ నుంచి లోపలికి వెళ్లే ఒక సందులో, జెరాక్స్ షాపు పక్కన, బోర్డు కూడా సరిగా లేని చిన్న గది ఇది. నడిపే ఆయన స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు, అందరూ మాస్టారు అంటారు. ఏడు నెలలుగా నా రెండు రాకెట్లూ ఇక్కడే వేయిస్తున్నాను.

పని గురించి ముందు చెప్తాను. పాత గట్ కోసేశాక వెంటనే కొత్తది ఎక్కించరు. రాకెట్ తలని ట్యూబ్‌లైట్ కిందకి పెట్టి, గట్ దూరే రంధ్రాలకుండే ప్లాస్టిక్ గొట్టం, గ్రోమెట్ అంటారు, ఒక్కోదాని మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా చుట్టూ తిప్పుతారు, ఎక్కడైనా పగిలినట్టు వేలికి తగిలితే అక్కడ ఆగి ఆ ముక్క మారుస్తారు. లేకపోతే ఆ పగులు అంచుకే కొత్త గట్ కోసుకుపోతుందట. నా మోచేయి సంగతి విని బిరుసుగా ఉండే పాలీ గట్ తీసేయించి, సన్నని పోగులతో మెత్తగా ఉండే మల్టీఫిలమెంట్ వేశారు, టెన్షన్, అంటే గట్ బిగింపు, 56 నుంచి 52 పౌండ్లకి దించారు. నెల తిరిగేసరికి సర్వీస్ చేస్తుంటే కలుక్కుమనడం తగ్గింది. పశువుల పేగుతో చేసే నేచురల్ గట్ అడిగాను గానీ మన సముద్రపు గాలికి ఆ డబ్బు దండగమ్మా అని ఆయనే వద్దన్నారు. అమ్ముకోవాల్సిన మనిషే వద్దన్నారు! కూలీ 250, గట్ ఖరీదు వేరే.

ఇబ్బందులూ ఉన్నాయి. ఒక్కరే మనిషి, రెండు రోజులంటే నాలుగవుతుంది, కరెంటు పోతే మెషిన్ ఆగిపోతుంది. బండి పెట్టుకోవడానికి చోటు లేదు. శనివారం పొద్దున్న మ్యాచ్ ఉంటే బుధవారమే ఇచ్చేయండి.

కానీ నేను ఇంత రాయడానికి కారణం అక్కడి గోడ. మన లియాండర్ పేస్ పక్కన టెన్నిస్ దిగ్గజం మార్టినా నవ్రతిలోవా నవ్వుతున్న పేపర్ కటింగ్ ఒకటి ఉంది, అంచులు పసుపు పట్టిపోయాయి. 2003లో ఆ ఇద్దరూ కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్, వింబుల్డన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచారు, ఆవిడకప్పుడు 46 ఏళ్లు. పక్కనే వింబుల్డన్ ప్లేట్ పట్టుకుని ఫ్రాన్స్ క్రీడాకారిణి మోరెస్మో, పైన అమెరికా క్రీడాకారిణి బిల్లీ జీన్ కింగ్. ఈ ముగ్గురు క్రీడాకారిణులూ ఆడవాళ్లని ప్రేమించినవాళ్లే, ఆ మాట బయటికి వచ్చాక కూడా ఆడినవాళ్లే. కింగ్ తనంతట తాను చెప్పలేదు, 1981లో ఒక కోర్టు కేసు బయటపెట్టేసింది, ఒక్క రోజులో స్పాన్సర్లందరూ వదిలేసి పోయారు. అదే ఏడాది నవ్రతిలోవాకి అమెరికా పౌరసత్వం వచ్చిన కొద్దిరోజులకే, రాయొద్దని ఆవిడ అడిగినా ఒక పత్రిక రాసేసింది. మోరెస్మో మాత్రం 1999లో, 19 ఏళ్లకే తనే చెప్పింది, ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్‌కి చేరిన ఆ రోజుల్లోనే. తోటి క్రీడాకారిణులే ఆమె భుజాల గురించి, ఆట గురించి మగవాళ్లతో పోల్చి మాట్లాడారు. 2006లో అదే ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది, ఆ ఏడాదే వింబుల్డన్ కూడా.

ఒకరోజు నేనుండగా ఒక కుర్రాడు మోరెస్మో ఫోటో చూసి మగరాయుడిలా ఉందని నవ్వాడు. మాస్టారు తల ఎత్తలేదు, అడ్డగట్టు ఒకటి లాగి క్లాంప్ బిగించి, "ఆవిడ ఆండీ ముర్రేకి కోచ్‌గా చేసింది బాబూ, ఇప్పుడు ఫ్రెంచ్ ఓపెన్‌కి డైరెక్టర్. ఆడవాళ్లంటే ఇష్టమని నీ కంటే మూడు నాలుగేళ్లు పెద్దగా ఉన్నప్పుడే ప్రపంచానికి చెప్పింది, ఎంత గుండె ఉండాలో ఆలోచించు" అన్నారు. గొంతు తగ్గించలేదు, బయట జెరాక్స్ కోసం నిలబడ్డవాళ్లకి కూడా వినపడింది.

ఆ గొంతు తగ్గించకపోవడం నాకు ఎంత పెద్ద సంగతో చెప్పాలంటే ఇంకో విషయం రాయాలి. నేను లెస్బియన్‌ని. ఇంతకుముందు ఒక కోచింగ్ సెంటర్‌లో పొద్దున్న బ్యాచ్ ఆడపిల్లలకి ఫీడింగ్ ఇచ్చేదాన్ని, అంటే వాళ్లు కొట్టడానికి బంతులు అందించేదాన్ని, జీతం లేదు, ఇష్టంతోనే. నా సంగతి తెలిసిన వారంలోపే "పేరెంట్స్ అడుగుతున్నారమ్మా, కొన్నాళ్లు రాకు" అన్నారు. ఎవరడిగారో, ఏమడిగారో చెప్పలేదు. సుప్రీంకోర్టు 2018లోనే ఇది నేరం కాదని చెప్పింది, అయినా నేను నేరం చేసినదానిలా బ్యాగ్ సర్దుకుని వచ్చేశాను. అక్కడ ప్రతి పిల్లకీ చూపించే కల దేశం తరఫున ఆడటం. మన అమ్మాయిలు దేశం తరఫున ఆడే టీమ్ టోర్నమెంట్ పేరు 2020 నుంచి బిల్లీ జీన్ కింగ్ కప్. ఆ పేరు ఎవరిదో, ఆవిడ ఎవరితో కలిసి బతుకుతోందో ఆ పిల్లలకి ఒక్కరూ చెప్పరు. ఆ బ్యాచ్‌లో నాలాంటి పిల్ల ఒక్కతైనా ఉంటే, తనకి తెలియాల్సిన మొదటి పేరు అది. 2022లో టెన్నిస్ క్రీడాకారిణి కసాత్కినా, రష్యాలాంటి దేశం మనిషై ఉండి, తనకి గర్ల్‌ఫ్రెండ్ ఉందని చెప్పినప్పుడు నేను ఆ వార్త తలుపేసుకుని చదివాను, 30 ఏళ్లు వచ్చాక కూడా.

నాతో షాపుకి నా పార్ట్‌నర్ కూడా వస్తుంది, తను ఆడదు, స్టూల్ మీద కూర్చుని ఫోన్ చూసుకుంటుంది. మొన్న తను రాలేదు. "అమ్మాయి రాలేదేం?" అని అడిగారు. జ్వరం అన్నాను. తర్వాత ఏమనిపించిందో, మేం రూమ్‌మేట్స్ కాదు మాస్టారూ, కలిసి బతుకుతున్నాం అని చెప్పేశాను, చేతులు చల్లబడిపోయాయి.

"తెలుసమ్మా" అన్నారు. "జ్వరానికి మందు వేసుకుందా? సరే, ఈసారి 52 ఉంచనా, 50కి దించనా?"

50 వేయించాను. చేతికి ఇంకా హాయిగా ఉంది.