ఇరవై ఆరేళ్లు నడిపిన స్కూటరు, దాన్ని రూపొందించిన దస్కానియో

1987లో గుంటూరులో మా నాన్నగారు కొన్న 150 సీసీ స్కూటరు, వెస్పా అనే ఇటలీ స్కూటరు నమూనా మీద మన దేశంలోనే తయారైనది, 1994లో నా చేతికి వచ్చింది. ఇరవై ఆరేళ్లు నడిపాక నాకు తెలిసిందేమంటే, ఆ బండిలో నన్ను మురిపించినవీ విసిగించినవీ కూడా ఒక విమాన ఇంజనీరు ఆలోచనలే.

ఆయన కొర్రాదినో దస్కానియో. 1891లో ఇటలీలోని పోపోలిలో పుట్టి, తూరిన్‌లో చదువుకుని, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సైన్యపు వైమానిక విభాగంలో పనిచేసిన ఆయనకు హెలికాప్టరే ప్రాణం. 1930లో ఆయన హెలికాప్టరు 8 నిమిషాల 45 సెకన్లు గాలిలో నిలిచి రికార్డు సృష్టించింది. రెండో యుద్ధంలో పాంతెదేరాలో ఆయన పనిచేసే పియాజియో విమానాల ఫ్యాక్టరీ ధ్వంసమై, విమానాల పని ఆగిపోయాక, సామాన్యులకు అందే బండి గీయమని కంపెనీ అధిపతి ఎన్రికో పియాజియో ఆయన్నే అడిగారు. అసలు మోటారు సైకిలంటేనే ఆయనకు గిట్టదు! బట్టలకు నూనె అంటుతుందనీ, పంక్చరైతే చక్రం విప్పడం కష్టమనీ ఆయన ఫిర్యాదు. అందుకే 1946 నాటి వెస్పాలో చైను లేదు, ఇంజను రేకు లోపల దాగింది, ముందు చక్రాన్ని విమానం చక్రంలా ఒకే పక్కనుంచి పట్టి ఉంచారు.

ఆ ఒంటిపక్క చక్రం విలువ నాకు ఒక రాత్రి నరసరావుపేట దారిలో పంక్చరైనప్పుడు తెలిసింది; నాలుగైదు నట్లు విప్పి, స్టెప్నీ బిగించి, పావుగంటలో బయలుదేరాను. తెల్ల పంచెతో ఆఫీసుకు వెళ్లిన నాన్నగారికి ఏనాడూ నూనె మరక అంటలేదు. కానీ ఇంజను కుడి పక్కన ఉండడంతో బండి అటే లాగుతుంది. చిన్న చక్రాలు కావడంతో ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది. పొద్దున్నే ఒక పక్కకు వంచి కిక్ కొట్టే తంతు సరేసరి. ప్లగ్గుకు మసి పట్టడం మాత్రం పెట్రోలులో ఆయిలు ఎక్కువ కలిపిన నా తప్పే.

తర్వాత 1957లో వచ్చిన వెస్పా 400 అనే చిన్న కారు కూడా దస్కానియో రూపకల్పనే. 1981లో పీసాలో కన్నుమూసిన ఆయనకు పేరు తెచ్చింది మాత్రం ఎంతో ఇష్టపడిన హెలికాప్టరు కాదు, స్కూటరు.

ఇలాంటి పాత బండి కొనదలచినవారు ఇంజను శబ్దం కన్నా ముందు కాళ్లు పెట్టుకునే రేకు అడుగున తుప్పు ఉందేమో చూడాలి, ఎందుకంటే దీనికి వేరే ఫ్రేము లేదు, బరువంతా ఆ రేకే మోస్తుంది.