డీవీడీ డ్రైవ్ మాయమైతే: విండోస్ మళ్లీ వేయాలా, ఫిల్టర్లు తీసేయాలా?

తిరుపతిలో మా పిన్ని కంప్యూటర్‌లో ఉన్నట్టుండి డీవీడీ డ్రైవ్ కనిపించలేదు. అన్నమయ్య కీర్తనల సీడీలు అందులోనే వింటుంది, పాపం. పరికరాల జాబితా చూపే డివైజ్ మేనేజర్‌లో పసుపు గుర్తు, కోడ్ 39 (అంటే డ్రైవర్ లోడ్ కాలేదని). షాపులో విండోస్ మళ్లీ వేయాలన్నారు.

ఇలా అవడానికి తరచూ కారణం ఇది: సీడీ కాపీ కాకుండా అడ్డుకునే కాపీ ప్రొటెక్షన్ సాఫ్ట్‌వేర్ లాంటివి తమ ఫిల్టర్ డ్రైవర్‌ను (మధ్యలో నిలబడి పనిచేసే చిన్న ప్రోగ్రామ్) డ్రైవ్‌కూ విండోస్‌కూ మధ్య కూర్చోబెడతాయి. ఆ ఫైలు పోయినా, విండోస్ సెట్టింగులన్నీ దాచుకునే రిజిస్ట్రీలో దాని పేరు మిగిలితే, విండోస్ దానికోసం వెతికి, దొరక్క, డ్రైవ్‌నే ఆపేస్తుంది. 2005లో సోనీ బీఎంజీ మ్యూజిక్ సీడీల్లోని ఎక్స్‌సీపీ అనే కాపీ ప్రొటెక్షన్ సాఫ్ట్‌వేర్‌ను చేత్తో తీసేసినవాళ్లకు ఎదురైన చిక్కు ఇదే.

విండోస్ మళ్లీ వేస్తే సమస్య పోతుంది. కానీ ఫొటోల బ్యాకప్, ప్రింటర్, ప్రోగ్రాములు అన్నీ మొదటినుంచి. ఒక్క పేరు కోసం ఇంత అవసరమా?

నేనైతే రిజిస్ట్రీ ఎడిటర్ తెరుస్తాను. అందులో హెచ్‌కీ_లోకల్_మెషీన్, సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, కంట్రోల్, క్లాస్ వరుసగా తెరిచి, దాని కింద 4డి36ఈ965తో మొదలయ్యే కీని (ఫోల్డర్ లాంటిది) ముందు ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి, అంటే బ్యాకప్‌గా ఫైల్‌లో దాచుకోవాలి. ఇది మాత్రం మరవొద్దు. తర్వాత ఆ కీలో ఫిల్టర్ డ్రైవర్ల పేర్లుండే అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ రెండే తీసేసి రీస్టార్ట్ చేయాలి. సీడీ రాసే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఆగిపోతే, దాన్ని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే సరి.

పిన్ని కంప్యూటర్‌లో పది నిమిషాల్లో ట్రే బయటికొచ్చింది. ఎక్స్‌సీపీలా కంటికి కనబడకుండా దాక్కునే రూట్‌కిట్ అనే సాఫ్ట్‌వేర్ ఇంకా లోపలే ఉందని అనుమానముంటే మాత్రం షాపువాళ్ల మాటే నయం.